అచ్చులో ఉన్నట్టే

మొదటి ఆదివారం ఉదయం పది గంటలకు ఆ గదిలో ఉన్నవి ఇవి. కంప్యూటర్లు నాలుగు, వాటిలో పనిచేసేవి మూడు. ప్లాస్టిక్ కుర్చీలు ఎనిమిది. కిరాయికి తెచ్చిన ప్రొజెక్టర్ ఒకటి, దాని బొమ్మ పడడానికి క్యాలెండర్లు తీసేసిన గోడ ఒకటి. మనుషులు ఆరుగురు: డీటీపీ సెంటర్ యజమాని, అక్కడ పద్దెనిమిదేళ్లుగా తెలుగు కంపోజింగ్ చేస్తున్న ఆపరేటర్ అక్క, నేను, నేర్చుకోవడానికి వచ్చిన ముగ్గురు. కింద మెట్ల దగ్గర "మీ ఈబుక్ మీరే తయారు చేసుకోండి, నాలుగు ఆదివారాల్లో" అని ఒక ఫ్లెక్సీ. ఆ గదిలో లేనిది ఒక్కటే, ఈబుక్ తయారు చేయడం తెలిసిన మనిషి.

ఆ పని కొత్తగా నేర్చుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఇప్పుడు చాలామంది కనిపిస్తున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నేను ఆ ఉద్యోగం మానేసి రెండేళ్లు దాటింది. నేర్పడానికి ఇందులో పెద్దగా ఏమీ లేదు. నేను చేసిన తప్పు మాత్రం చాలా శ్రద్ధగా చేసింది కాబట్టి పనికొస్తుందేమో చూడండి.

మా సెంటర్ ఆబిడ్స్ మెయిన్ రోడ్డు నుంచి గన్‌ఫౌండ్రీ వైపు తిరిగే ఒక సందులో, రెండో అంతస్తులో ఉండేది. పెళ్లికార్డులు, థీసిస్‌లు, సొంత ఖర్చుతో అచ్చువేసుకునే వాళ్ల పుస్తకాలు చేసేవాళ్లం. యజమానిని మేం సార్ అనేవాళ్లం. వాళ్ల నాన్నగారు యాభై ఆరులో ఆఫీసుతో పాటు కోస్తా నుంచి ఇక్కడికి వచ్చిన గుమాస్తా. తండ్రి నుంచి సార్‌కు వచ్చిన ఆస్తి ఒక నియమం: రచయిత ప్రూఫు మీద 'ఓకే' అని సంతకం పెట్టాక ఆ పేజీలో లైను కదలకూడదు. కామా కదిలినా మళ్లీ సంతకం కావాలి. ఆ నియమం వల్ల మా పుస్తకాల మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు. పుస్తకాలను ఎవరైనా చదివారా అన్నది వేరే సంగతి.

ఫ్లెక్సీ సోమవారం కట్టారు. నాకు గురువారం చెప్పారు.

"ఏమయ్యా, నువ్వు ఇంజినీరువి కదా. మూడు రోజులు చాలవూ?"

నేను చదివింది ఎలక్ట్రానిక్స్. ఆ మాట అనలేదు. మూడు రోజులు వీడియోలు చూసి, నోట్సు రాసుకుని, శనివారం సాయంత్రానికి ఒక ఈబుక్ తయారు చేశాను. అది నా ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టు. దాన్ని కాలేజీలోనే ఎవరూ చదవలేదు కాబట్టి తప్పులు బయటపడే ప్రమాదం లేదనిపించింది.

నేర్చుకోవడానికి వచ్చిన ముగ్గురిలో ఒకాయన జాతకాల మీద రాశారు. ఇంకొకాయన ఇంకా ఏమీ రాయలేదు, ముందు ఈబుక్ చేయడం నేర్చుకుంటే రాయడానికి ఊపు వస్తుందని ఆయన నమ్మకం. ఈ ఇద్దరూ రెండో ఆదివారానికి ఒకరు, మూడో ఆదివారానికి ఒకరు మానేశారు. మూడో మనిషి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటర్‌గా పనిచేసి రిటైరైన ఒకావిడ. ఖైరతాబాద్ నుంచి బస్సులో వచ్చేవారు. నీటుగా ఇస్త్రీ చేసిన నూలు చీర, చేతిలో తన పుస్తకం. ఏడాదిన్నర కిందట మా దగ్గరే కంపోజ్ చేసి అచ్చువేయించుకున్న ఆమె ఉద్యోగ జ్ఞాపకాలు, నూటపన్నెండు పేజీలు.

"మీ పాఠకులు ఎవరు?" అని అడిగాను. మొదటి క్లాసులో అలా అడగాలని వీడియోలో చెప్పారు.

"ఒక్కరే," అన్నారామె.

"ఒక్కరంటే, ఏ వర్గం..."

"వర్గం కాదు నాయనా, మనిషి. తాండూరులో ఉంటుంది. నాతోపాటు పనిచేసింది. ఇప్పుడు దానికి కళ్లు పోతున్నాయి. అచ్చు పుస్తకం ఇస్తే చీమల బారులా ఉందంది. కొడుకు ట్యాబ్ కొనిచ్చాడట. అక్షరం ఇంత చేస్తే చదవగలదు." బొటనవేలూ చూపుడువేలూ ఎడంగా పెట్టి ఒక నిమ్మకాయంత చూపించారు.

"ఎవరిచేతైనా చదివించుకోవచ్చు కదమ్మా. ఇప్పుడు ఫోనే చదివి వినిపిస్తుంది."

"అందులో ఒక అధ్యాయం ఉంది. అది ఇంకొకరి నోట వినేది కాదు. నోటితో చెప్పగలిగితే నలభై ఏళ్లలో నేనే చెప్పి ఉండేదాన్ని."

ఆ అధ్యాయం ఆ రోజే నాంపల్లి స్టేషన్ స్టాపులో బస్సు కోసం నిలబడి చదివాను. అప్పట్లో ఊరికీ ఊరికీ మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేయాలి. ఆపరేటర్ బోర్డులో తీగ గుచ్చితే లైను కలుస్తుంది, లాగితే తెగుతుంది. ఒక వేసవి మధ్యాహ్నం ఈ ఇద్దరూ ఫ్యాను గాలి కోసం గంటసేపు సీట్లు మార్చుకున్నారు. ఆ గంటలో ఈమె పొరపాటున ఒక తీగ లాగేశారు. తెగిపోయిన కాల్ ఒక చావు కబురు. అది చేరక, పెద్దకొడుకు రాకుండానే అంత్యక్రియలు అయిపోయాయి. ఫిర్యాదు వచ్చింది. సూపర్‌వైజర్ డ్యూటీ చార్టు చూశాడు. ఆ సీటు ఎదుట స్నేహితురాలి పేరుంది. ఈమె అప్పటికి ప్రొబేషన్‌లో ఉన్నారు, చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పలేదు. స్నేహితురాలిని బదిలీ చేశారు. మూడేళ్ల తర్వాత ఆవిడ తిరిగి వచ్చారు, ఇద్దరూ మళ్లీ ఒకే టిఫిన్ డబ్బా పంచుకున్నారు. రిటైరయ్యేదాకా ఆ మాట ఇద్దరి మధ్యా రాలేదు.

స్నేహితురాలు నాలుగో ఆదివారం తర్వాత వచ్చే మంగళవారం కంట్లో ఇంజెక్షన్ కోసం హైదరాబాద్ వస్తున్నారు. ఇంజెక్షన్ తర్వాత చూపు నిలబడుతుందో లేదో డాక్టర్లు హామీ ఇవ్వలేదు. అంటే మా కోర్సుకు గడువు ఉంది. నా నోట్సులో గడువు అని రాసి, కింద రెండు గీతలు గీశాను.

ఇక సాంకేతిక విషయం ఒక్కటే చెబుతాను. మా సెంటర్లో వాడేవి పాత తెలుగు ఫాంట్లు. తెర మీద 'అమ్మ' అని కనబడుతుంది కానీ లోపల ఉన్నవి ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ. ఆ పేజీలో ఉన్నంతసేపు బాగుంటుంది. బయటికి తీస్తే తిట్లు రాసినట్టుంటుంది. దాన్ని మామూలు తెలుగులోకి మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, పదింటిలో తొమ్మిది అక్షరాలు సరిగ్గా మారుస్తాయి. రెండో ఆదివారం ఆవిడ పుస్తకాన్ని అలా మార్చి ప్రొజెక్టర్ మీద చూపించాను. ప్రతి లైనూ సగంలో తెగి కింద పడింది. ఒత్తులన్నీ పక్కింటికి వెళ్లి కూర్చున్నాయి.

"ఇదేంటక్కా, లైన్లు ఇలా తెగాయి?" అన్నాను.

"ప్రతి లైను చివర ఎంటర్ కొట్టిన గద," అంది అక్క. ఆమెది నల్లగొండ వైపు పల్లె. "గది పేజీ కోసం కొట్టింది తమ్మీ. లైను కదలొద్దంటడు సార్. గందుకే ఏ లైనుకాలైనును మేకు కొట్టి బిగించిన."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడేంది? మేకులన్నీ పీకాలె. లేకపోతే ఆమెకు కావాల్సిన ఆ ఒక్క పాఠం మళ్ల కొత్తగ కొడదాం. రెండు మూడు దినాల పని."

ఇది సరైన సలహా. అక్క చదివింది ఇంటర్. నేను చదివింది ఇంజినీరింగ్. అందుకని నేను పుస్తకం మొత్తానికీ సరిపోయే పరిష్కారం ఆలోచించాను. మార్చితేనే కదా తప్పులు వచ్చేది, మార్చకపోతే? నూటపన్నెండు పేజీలనూ బొమ్మలుగా తీసి, అంచులు కత్తిరించి, వరసగా ఈబుక్‌లో పెట్టేస్తే ఒక్క ఒత్తు కూడా తప్పు పోదు. సార్‌కు చెప్పాను. ఆయన కళ్లు మెరిశాయి.

"అచ్చులో ఉన్నట్టే ఉంటుందా?"

"ఉన్నట్టే సార్."

"లైను కదలదుగా?"

"కదలడానికి అది లైను కాదు సార్, బొమ్మ."

నన్ను ఇంజినీరు అని పిలిచినందుకు ఆయన మొదటిసారి సంతృప్తిపడ్డట్టు కనిపించారు.

ఆవిడ మాత్రం కుర్చీ దగ్గరికి జరుపుకుని, "నాకు నేర్పుతానని కదా బోర్డు పెట్టారు? నేనేం చేయాలి?" అని అడిగారు.

"మీకెందుకమ్మా శ్రమ? నేను చేసి ఇస్తాను," అన్నాను. కింద ఫ్లెక్సీ మీద 'మీరే' అన్న మాట ఎర్ర రంగులో ఉంది.

ఆవిడ ఆ వారమంతా మధ్యాహ్నాలు వచ్చి అక్క పక్కన కూర్చునేవారు. ఫోనులో ఒక వేలితో ఏదో టైపు చేసేవారు. అక్క పెళ్లికార్డులు కొడుతూనే పక్కకు చూడకుండా చెప్పేది.

"పేరా అయినంకనే ఎంటర్ కొట్టుండ్రి మేడం. నడుమల కొట్టకుండ్రి. లైను యాడ తిరగాల్నో గది చదివేటోళ్ల ఫోను చూసుకుంటది."

"మరి పేజీ ఎక్కడ అయిపోతుందమ్మా?"

"యాడ అయితే గాడనే. మనకెందుకు ఫికర్?"

"మీ సార్ వింటే గుండె ఆగిపోతుంది."

"గందుకే జర మెల్లగ మాట్లాడుండ్రి."

మూడో ఆదివారం విద్యార్థిగా ఆవిడ ఒక్కరే మిగిలారు. తన ఫోను నా చేతికిచ్చి, "ఇది చూడు నాయనా, ఆ ఒక్క అధ్యాయం నేను చేశాను," అన్నారు. చూశాను. దాన్ని పరీక్షించడం నా బాధ్యత కాబట్టి లోపాలన్నీ ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. ముఖచిత్రం లేదు. విషయసూచిక లేదు. పేజీ నంబర్లు లేవు. పేరాకు పేరాకు ఎడం ఒకేలా లేదు. అలా పదిహేడు. ఆవిడ కాగితం నాలుగు మడతలు పెట్టి పర్సులో పెట్టుకున్నారు.

అక్క కంప్యూటర్ ముందు నుంచి లేవకుండానే, "పదిహేడు దొరికినయా తమ్మీ? మంచిగ ఎతికినవు. చదవొస్తుందా రాదా, గది చెప్పు," అంది.

"చదవడానికి వస్తుంది. కానీ..."

"ఇగ కానీ ఏంది?"

కానీ ఏమిటో నాకు అప్పుడు బాగా తెలుసు. నా దగ్గర నలభై ఒక్క అంశాల తనిఖీ పట్టిక ఉంది. నాలుగో ఆదివారానికి నా ఈబుక్ ఆ నలభై ఒకటీ దాటింది. వాటిలో ఒకటి: 'పెద్దది చేస్తే పెద్దదవుతోంది'. వేళ్లతో తెరను సాగదీసి చూశాను. అక్షరం నిమ్మకాయంత అయింది. టిక్కు పెట్టాను. ఒక వాక్యం మొదటి నుంచి చివరిదాకా అలా చదివి చూడాలని పట్టికలో లేదు. పట్టికలో లేని పని నేను చేయను.

మంగళవారం ఉదయం ట్యాబ్‌లో పుస్తకం ఎక్కించి ఇవ్వడానికి నేనూ నాంపల్లి స్టేషన్‌కు వెళ్లాను. అందులో సేవాభావం ఎంతో, ఆవిడ స్నేహితురాలు మెచ్చుకుంటుంటే వినాలన్న కోరిక ఎంతో, ఇప్పుడు విడదీసి చెప్పలేను. తాండూరు వైపు నుంచి వచ్చే బండి తొమ్మిదికి కొంచెం ముందు వచ్చింది. స్నేహితురాలు మెట్టు మెట్టుకూ కాలితో తడుముకుంటూ దిగారు. సన్నగా, పొడుగ్గా, నల్ల కళ్లద్దాలతో ఉన్నారు.

"ఏమే, గింత లావైనవేందే? ఏం కనవడకున్నా గదొక్కటి కనవడ్తంది."

"నీ నోటికి మాత్రం ఏ రోగమూ రాలేదు," అన్నారు మా రచయిత్రి.

ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద కూర్చున్నారు. స్నేహితురాలి కొడుకు పదకొండింటికి కంటి ఆసుపత్రికే నేరుగా వస్తానన్నాడు. అక్కడికి వెళ్లగానే కంట్లో చుక్కలు వేస్తారు, ఆ తర్వాత సాయంత్రం దాకా అన్నీ మసక. అంటే చదవడానికి ఉన్నది ఇప్పుడే, గంటన్నర.

నా ఈబుక్ తెరిచి ఇచ్చాను. స్నేహితురాలు ముఖచిత్రాన్ని ముక్కుకు ఆనించి చూశారు. "మంచిగుంది బిడ్డా," అన్నారు. నేను ఆ అధ్యాయం తీసి, వేళ్లతో ఎలా సాగదీయాలో చూపించాను.

ఆమె సాగదీశారు. అక్షరాలు నిమ్మకాయలంత అయ్యాయి. తెర మీద రెండు మాటలు మిగిలి, లైనులో తక్కినదంతా కుడివైపు తెర బయటికి వెళ్లిపోయింది. పేజీని ఎడమకు జరిపారు, ఇంకో రెండు మాటలు వచ్చాయి. మళ్లీ జరిపారు. లైను చివరికి వచ్చాక రెండో లైను మొదలు కోసం మొత్తం వెనక్కి జరపాలి. జరిపేసరికి నాలుగో లైనులో పడ్డారు.

"గీ ముచ్చట ఇందాకనే సదివిన గద?"

"లేదమ్మా, అది కింది లైను. కొంచెం పైకి..."

"గిప్పుడు యాడికి పోయింది?"

"ఎక్కువ పైకి వెళ్లింది. కొంచెం కిందికి..."

పదిహేను నిమిషాల్లో మూడు లైన్లు అయ్యాయి. వాటిలో ఫ్యాను గురించి తప్ప ఏమీ లేదు. మధ్యలో ఒకసారి ఆమె వేలు తగిలి నలభై పేజీలు ముందుకు పోయాయి. నేను వెతికి వెనక్కి తెచ్చాను. నుదుటి మీద చెమట తుడుచుకుని ఆమె ట్యాబ్ ఒళ్లో పెట్టేశారు.

"ఇగ నాతోని కాదు. నాకు సదువే మర్చిపోయినట్టయితుంది. ఏమే, నువ్వే చెప్పు, ఏం రాసినవ్ గిండ్ల?"

మా రచయిత్రి నోరు తెరిచారు. నోరు మూసుకున్నారు. చావు కబురు తెగిపోయినప్పుడు కూడా అలాగే కూర్చుని ఉంటారనిపించింది నాకు. ఇంకో గంట గడిస్తే ఆ అధ్యాయం ఇంకెప్పటికీ చేరదని ముగ్గురిలో ఇద్దరికి తెలుసు.

ఆవిడ పర్సులోంచి ఫోను తీశారు.

"నాయనా, నా దాంట్లో పదిహేడు తప్పులున్నాయి. పంపమంటావా?"

ఆమె వెటకారంగా అనలేదు. నిజంగానే అనుమతి అడిగారు. ఈ ఉద్యోగంలో నాకు జరిగిన వాటిలో ఇంతకంటే పెద్ద శిక్ష లేదు.

"పంపండమ్మా," అన్నాను.

ముఖచిత్రం లేని ఆ ఫైలు ట్యాబ్‌లో తెరుచుకుంది. అక్షరాల సైజు పెంచే స్లైడర్ చూపించాను. స్నేహితురాలు దాన్ని చివరిదాకా నెట్టారు. అక్షరాలు పెరిగాయి, లైన్లు వాటంతట అవే తిరిగాయి. ఒక్క మాట కూడా తెర బయటికి పోలేదు. తెరకు ఏడెనిమిది మాటలు. ఆమె చదివి, వేలితో తిప్పి, చదివి, తిప్పడం మొదలుపెట్టారు. ఏ లైనూ అచ్చులో ఉన్న చోట లేదు.

మా రచయిత్రి లేచి కుళాయి దగ్గరికి వెళ్లి, మాకు వీపు చూపిస్తూ నిలబడ్డారు. నీళ్లు తాగలేదు. ఒక బండి వెళ్లింది, ఇంకోటి వచ్చింది. స్నేహితురాలు తల ఎత్తలేదు. యాభై నిమిషాలు పట్టింది.

"ఏమే, గీడికి రా."

వచ్చి నిలబడ్డారు.

"కూసో. ఏంది గిది? నాకు తెల్వదనుకున్నవా?"

"తెలుసా నీకు?"

"సీట్లు మార్సుకున్నది మనమిద్దరమే గదనే. మూడో మనిషి యాడుంది నేను పరేషాన్ కానీకి?"

"మరి నన్ను అడగలేదేం?"

"నువ్వే చెప్తవేమోనని సూసిన. గింత ఆలస్యమైతదనుకోలే."

మా రచయిత్రి కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. స్నేహితురాలు ఓదార్చలేదు. ట్యాబ్ మీద నాలుగైదుసార్లు వెనక్కి తిప్పి, ఒక చోట ఆగి, వేలితో కొట్టి చూపించారు.

"గీడ 'దూరంగా ఉన్న ఒక ఊరికి బదిలీ చేశారు' అని రాసినవ్. ఒక ఊరేంది? ఆసిఫాబాద్. రైలు దిగినంక మళ్ల బస్సుల పోవాలె. మూడేండ్లున్న గాడ. ఊరి పేరు రాయి."

"రాస్తాను. ఇంటికి వెళ్లగానే..."

"ఇంటికి కాదు. నాకు కండ్లు కనవడ్తుండంగనే రాయి."

నా నూటపన్నెండు బొమ్మల్లో ఒక అక్షరం చేర్చాలంటే పేజీ మళ్లీ కంపోజ్ చేసి, ప్రూఫు తీసి, సంతకం తీసుకుని, మళ్లీ బొమ్మ తీయాలి. రచయిత్రి తన ఫోనులో ఉన్న అసలు ఫైలు తెరిచి, ఒక వేలితో రెండు చిన్న వాక్యాలు టైపు చేశారు. ఈబుక్‌గా మార్చే బటన్ నన్ను అడగకుండానే నొక్కారు. పంపారు. స్నేహితురాలు ఆ చోటికి తిప్పుకుని చదివారు. రెండోసారి కూడా చదివారు.

"ఇగ సరే. ఆటో పిలువు."

ఆ తర్వాత కోర్సు మళ్లీ పెట్టలేదు. మంగళవారం జరిగింది సార్‌కు చెబితే, "లైన్లు కదిలాయా?" అని అడిగారు. కదిలాయన్నాను. ఇంజెక్షన్ తర్వాత స్నేహితురాలి చూపు ఎలా ఉందో ఆవిడ నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. మీరు తయారు చేసింది ఎలా కనబడుతోందో చూడడం ఆపి, ఎవరి కోసం చేశారో వాళ్ల చేతికి ఇచ్చి, పక్కన కూర్చుని చూడండి. ఇంతకంటే వివరంగా కావాలంటే వీడియోలున్నాయి.

ఆటో ఎక్కేముందు ట్యాబ్ ఆపి ఇవ్వమని స్నేహితురాలు నా చేతిలో పెట్టారు. ఆపేముందు, అలవాటు కొద్దీ, తెర అడుగున ఉన్న లెక్క చూశాను. అచ్చులో ఆ అధ్యాయం ఆరు పేజీలు. ఆమె పెట్టుకున్న అక్షరాల సైజులో మొదట నూట తొంభై ఆరు తెరలు. ఊరి పేరు చేర్చాక నూట తొంభై ఏడు.